జనవరిలో ఫ్లోరిడా కీస్: చిన్న పడవ మీద పగడపు దిబ్బల దగ్గర చేపల వేట

జనవరిలో ఇంటికి చుట్టాలొస్తే ఇక్కడ అందరూ ఆర్లాండో పార్కులకు తీసుకెళ్తారు. వచ్చినవాళ్ళు చేపల ప్రియులైతే నేను మాత్రం కారు దక్షిణానికి తిప్పుతాను. మయామీ దాటాక రెండు గంటల్లోపే, కీస్ అనే దీవుల వరుసలో ఉన్న ఇస్లమొరాడా వస్తుంది. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క ఫ్లోరిడా బే, మధ్యలో ఒకటే రోడ్డు. ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు మంచు తవ్వుకునే రోజుల్లో ఇక్కడ మధ్యాహ్నానికి 75 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 24 నుంచి 27 సెల్సియస్. సంక్రాంతి వెళ్ళాక కాకినాడ మధ్యాహ్నం ఉన్నట్టే ఉంటుంది.

ఈ వేటకు పెద్ద పడవ అక్కర్లేదు. ఇరవై అడుగుల సెంటర్ కన్సోల్ పడవ (స్టీరింగ్ మధ్యలో ఉండేది), నలుగురు మనుషులు, ఒక ఐస్ పెట్టె చాలు. నాకు తలకెక్కడానికి మూడు చలికాలాలు పట్టిన సంగతి ఒకటుంది. ఇక్కడ చేప పడేదీ పడనిదీ గాలం తేల్చదు. ఏ రోజు వెళ్ళారు, పడవ ఎక్కడ నిలిపారు, ఈ రెండే తేలుస్తాయి. అందుకే కింద గాలం గురించి కొంచెమే ఉంటుంది, లంగరు గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు నీళ్ళ కింద ఏముందో తెలుసుకోండి

తీరానికి నాలుగైదు మైళ్ళ అవతల, తీరం వెంబడే పగడపు గోడ సాగుతుంది. దాన్ని దాటితే లోతు గబగబా పెరుగుతుంది, ఇంకా అవతల గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం. గోడకీ ఒడ్డుకీ మధ్యనున్న నీటి పట్టీని హాక్ ఛానెల్ అంటారు. లోతు చాలా చోట్ల 10 నుంచి 25 అడుగులే. అందులో గడ్డి, ఇసుక మధ్య విడివిడిగా పగడపు గుట్టలుంటాయి. వీటినే ప్యాచ్ రీఫ్‌లు అంటారు. కొన్ని మన పెరడంత, కొన్ని ఊరి చెరువంత.

చిన్న పడవవాళ్ళకు చలికాలపు వరం ఇవే. బయటి గోడ అలల్ని విరిచేస్తుంది కాబట్టి లోపల కుదుపు తక్కువ. మ్యాంగ్రోవ్ స్నాపర్, మటన్ స్నాపర్ లాంటివి చలికాలంలో ఈ గుట్టల దగ్గర బాగా చేరతాయి. (మటన్ స్నాపర్ పేరు విని మా బావమరిది పది నిమిషాలు నవ్వాడు. అది చేపే.)

అన్ని దిబ్బల దగ్గరా గాలం వేయకూడదు. ఈ నీళ్ళన్నీ 1990లో ఏర్పాటైన ఫ్లోరిడా కీస్ నేషనల్ మెరైన్ శాంక్చువరీ కిందికి వస్తాయి. పసుపు రంగు గుండ్రటి బోయాలు (నీటి మీద తేలే గుర్తులు) కనబడితే అది పూర్తి రక్షణ ప్రాంతం, గాలం బయటికి తీయొద్దు. కొత్తవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే మ్యాపులో పేరున్న చోట్లే చాలావరకు నిషేధం. మొలాసెస్ రీఫ్, సోంబ్రెరో, లూ కీ, 1873 నాటి దీపస్తంభమున్న అలిగేటర్ రీఫ్ అన్నీ ఆ జాబితాలోవే. ఇస్లమొరాడా ముందు హాక్ ఛానెల్‌లోనే ఉన్న చీకా రాక్స్, హెన్ అండ్ చికెన్స్ కూడా అంతే. అక్కడ ముఖానికి మాస్క్ పెట్టుకుని ఈదుతూ చూడొచ్చు, వేట కూడదు. మనకు కావలసినవి పేరు లేని గుట్టలు. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి.

కాగితాల పని రెండు రోజుల ముందే

ఉప్పునీటి ఫిషింగ్ లైసెన్స్ ఎఫ్‌డబ్ల్యూసీ (చేపలు, వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ఫ్లోరిడా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్లోనో యాప్‌లోనో కొనాలి. ఫ్లోరిడా నివాసికి ఏడాదికి 17 డాలర్లు. బయటి రాష్ట్రం వాళ్ళకూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ మూడు రోజులకు 17, వారానికి 30, ఏడాదికి 47. పదహారేళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు. సొంత పడవైనా అద్దె పడవైనా ఎల్లోటెయిల్ స్నాపర్, మటన్ స్నాపర్ పట్టాలంటే ‘స్టేట్ రీఫ్ ఫిష్ ఆంగ్లర్’ అనే నమోదు కూడా కావాలి. అది ఉచితం. లైసెన్స్ కొనేటప్పుడు ఆ గడిలో టిక్ పెట్టడం మరచిపోయేవాళ్ళే ఎక్కువ.

పడవ నడిపే మనిషి 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే బోటింగ్ సేఫ్టీ కార్డు చూపించాలి. తాత్కాలిక కార్డు ఆన్‌లైన్ పరీక్షతో వస్తుంది, 90 రోజులు పనిచేస్తుంది. అద్దె కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్లో పరీక్ష రాయడం మొదలుపెట్టారంటే గంట పోయినట్టే.

రోజు ఎంచుకోవడం

సెలవు చూసుకుని వెళ్ళడం కాదు, గాలి చూసుకుని వెళ్ళాలి. చలికాలంలో ఇంచుమించు వారానికోసారి ఉత్తరాది నుంచి చలిగాలి ముందుకు తోసుకొస్తుంది, దీన్నే కోల్డ్ ఫ్రంట్ అంటారు. అది వచ్చే ముందు గాలి దక్షిణం, నైరుతి వైపు నుంచి వీస్తుంది. ఫ్రంట్ దాటగానే వాయవ్యానికి, ఉత్తరానికి మళ్ళి గట్టిగా కొడుతుంది. మరుసటి రోజుల్లో ఈశాన్యం, తర్వాత తూర్పు, చివరికి ఆగ్నేయం. గడియారం ముల్లులాగే ఒక చుట్టు చుడుతుంది.

మీకు కావలసింది గాలి తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి నెమ్మదించిన రోజు. ఎక్కువసార్లు అది ఫ్రంట్ వెళ్ళిన మూడో రోజో నాలుగో రోజో అవుతుంది. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ కీ వెస్ట్ ఆఫీసు హాక్ ఛానెల్‌కు విడిగా సూచన ఇస్తుంది, అది చదవండి. గాలి వేగం 10 నాట్ల (గంటకు సుమారు 18 కిలోమీటర్ల) లోపు అంటే హాయి. 15 దాటితే ఇరవై అడుగుల పడవలో పిల్లలతో వెళ్ళొద్దు. ‘స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ’ (చిన్న పడవలకు హెచ్చరిక) అన్న మాట కనబడితే ఆ రోజు ఒడ్డునే ఉండండి. అద్దె అడ్వాన్స్ పోతుందన్న టెన్షన్‌తో బయలుదేరినవాళ్ళను చూశాను, గంటలో తిరిగొచ్చారు, అందరి ముఖాలూ పాలిపోయి.

నీటి రంగు ఇంకో లెక్క. గాలులు వీచాక అడుగున ఉన్న తెల్లటి మెత్తటి మట్టి లేచి నీళ్ళు లేత ఆకుపచ్చ పాలలా అవుతాయి. పలచగా అలా ఉంటే సంతోషించండి. నీళ్ళు అద్దంలా ఉన్న రోజు స్నాపర్ మీ దారాన్ని చూసి ఆలోచిస్తుంది, కొంచెం మసగ్గా ఉన్న రోజు ఆలోచించదు. చిక్కటి సున్నపు నీళ్ళలా ఉంటే మాత్రం ఇంకో గుట్ట వెతకండి.

పడవలో ఏం చూసుకోవాలి

తాళం చేతికి తీసుకునే ముందు ఇవి కళ్ళతో చూడండి: మనిషికొక లైఫ్ జాకెట్ (ఆరేళ్ళ లోపు పిల్లలు పడవ నడుస్తున్నంతసేపూ వేసుకునే ఉండాలి), గడువు తీరని ఫ్లేర్లు (ఆపదలో వెలిగించే సంకేతాలు), ఈల, పనిచేసే వీహెచ్‌ఎఫ్ రేడియో, గొలుసుతో సహా లంగరు, కనీసం 150 అడుగుల తాడు. రేడియో 16వ ఛానెల్‌లో పెట్టి ఉంచండి, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఇంజన్ ఆపే తాడును నడిపే మనిషి ఒంటికి తగిలించుకోవాలి. ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళండి.

కడుపులో తిప్పేవాళ్ళుంటే మాత్ర ముందు రాత్రే వేయించండి. వాంతి మొదలయ్యాక వేసింది పనిచేయదు.

సామాను, ఎర

ఏడు అడుగుల స్పిన్నింగ్ రాడ్, 3000 లేదా 4000 సైజు రీలు, 15 పౌండ్ల దారం, చివర ఓ బారెడు 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనబడని దారం). గాలాలు 1/0 సైజు సర్కిల్ హుక్‌లు (మొన లోపలికి వంగి ఉండేవి), స్టెయిన్‌లెస్ కానివి. తుప్పు పట్టే గాలమైతే చేప నోట్లో తెగి ఉండిపోయినా కొన్నాళ్ళకు ఊడిపోతుంది. గుడ్డు ఆకారపు సీసం గుళ్ళు పావు ఔన్స్ నుంచి ముప్పావు ఔన్స్ దాకా నాలుగు రకాలు. గాలం తీసే పరికరం చట్టం ప్రకారం ఉండాల్సిందే. ఒక పాత తువ్వాలు కూడా.

ఎరగా బతికిన రొయ్యలు నాలుగు డజన్లు. ఇంతింత పెద్దవి ఎరకా అని మనసు ఒప్పుకోదు, మా అమ్మయితే సగం ఇగురుకు తీసి పెట్టమంది. వీటికి తోడు గడ్డకట్టిన బాలీహూ చేపలు ఒక ప్యాకెట్.

అన్నిటికంటే ముఖ్యం చమ్. చేపల వ్యర్థాలు రుబ్బి ఐస్ దిమ్మలా గడ్డకట్టించి అమ్ముతారు, దిమ్మ 7 పౌండ్లు. గంటకో దిమ్మ లెక్కన కొనండి. వల సంచీలో వేసి పడవ వెనక కొక్కేనికి కడితే కరుగుతూ సన్నటి పొడిలా నీళ్ళలో సాగిపోతుంది. కంపు భరించాలి.

తెల్లారకముందే లేవకండి

వేటంటే చీకటితో వెళ్ళాలన్నది మన అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. ఇస్లమొరాడా నుంచి సముద్రం ఆగ్నేయానికి ఉంటుంది. చలికాలపు పొద్దున సూర్యుడూ అటే ఉంటాడు. ఎదురెండలో నీళ్ళు వెండి రేకులా మెరుస్తాయి, కింద రాయి ఉందో ఇసుక ఉందో తెలియదు. తొమ్మిదిన్నర, పది గంటలకు బయలుదేరండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుంటే నీళ్ళు పుస్తకంలా చదువుకోవచ్చు. ముదురు నీలమైతే లోతు, ఆకుపచ్చైతే మోస్తరు, తెలుపైతే ఇసుక తిప్ప, గోధుమ రంగైతే గడ్డి మేటో పగడమో, ఆగాల్సిందే.

దారిలో ఇంకో తలనొప్పి బుట్టల బోయాలు. చలికాలమంటే స్పైనీ లాబ్‌స్టర్ సీజనూ (మార్చి 31 దాకా), స్టోన్ క్రాబ్ సీజనూ (అక్టోబర్ 15 నుంచి మే 1 దాకా) రెండూ నడుస్తున్న కాలం. వేటగాళ్ళు దించిన బుట్టలకు కట్టిన చిన్న బంతులు హాక్ ఛానెల్ నిండా తేలుతుంటాయి. ఆ తాడు ఇంజన్ ఫ్యాన్‌కు చుట్టుకుందంటే మీ రోజు అయిపోయినట్టే. ముందు ఒక మనిషిని నిలబెట్టి చూస్తూ ఉండమనండి. పొరపాటున కూడా ఆ బుట్టలు పైకి లాగి చూడకండి, ఇక్కడ అది చిన్న నేరం కాదు.

గుట్టను కనుక్కోవడం, లంగరు వేయడం

ఫోన్లో నావిగేషన్ చార్టు తెరిచి, హాక్ ఛానెల్‌లో లోతు గీతలు చిన్న చిన్న వలయాలుగా ముడిపడిన చోట్లు నాలుగైదు గుర్తు పెట్టుకోండి. దగ్గరికి వెళ్ళాక వేగం బాగా తగ్గించండి. పైనుంచి చూస్తే గుట్ట నల్లటి మచ్చలా కనిపిస్తుంది. దాని చుట్టూ సన్నటి తెల్లటి ఉంగరం కూడా కనబడొచ్చు. గుట్టలో దాక్కునే ప్రాణులు భయంతో దూరం పోకుండా చుట్టుపక్కల గడ్డినే మేసేయడం వల్ల అది ఏర్పడుతుంది. ఆ ఉంగరమున్న గుట్టలో జీవం ఉందని నా నమ్మకం. దగ్గర్లో ఎర్ర మీద తెల్ల గీత జెండా తేలుతుంటే నీళ్ళలో మనుషులున్నారని అర్థం. 300 అడుగుల లోపల పడవ అతి నెమ్మదిగానే పోవాలి, అక్కడ గాలం వేయకుండా వేరే చోటికి పోవడం మర్యాద.

ఇక అసలు పని. మొదటిసారి నేను చేసిన తప్పేమిటంటే పడవను సరిగ్గా గుట్ట నెత్తి మీద నిలిపాను. చేపలు కింద కనిపిస్తూనే ఉన్నాయి. చమ్ మాత్రం ఒరవడికి వెనక ఇసుక మీదికి కొట్టుకుపోయింది, చేపలు కూడా దాని వెనకే పోయాయి. మూడు గంటలు మేం ఖాళీ గుట్టకు కాపలా కాశాం.

సరైన పద్ధతి ఇది. గుట్టకు కొంచెం ఎగువన ఇంజన్ ఆపేసి, రెండు నిమిషాలు పడవను వదిలేయండి. ఎటు పోతుందో జీపీఎస్ తెర మీద గీతలా పడుతుంది. గాలీ ఒరవడీ కలిసి పడవను లాగే దారి అదే. ఇప్పుడు ఆ దారికి ఎదురుగా, గుట్టను దాటి (20 అడుగుల లోతైతే) దాదాపు 160 అడుగులు పైకి వెళ్ళి, కింద తెల్లటి ఇసుక ఉందని కళ్ళతో చూసుకుని లంగరు దించండి. విసరొద్దు, దించండి. పగడం మీద లంగరు వేయడం ఈ శాంక్చువరీలో నేరం. పైగా పగడం చాలా నెమ్మదిగా పెరుగుతుంది. 2023 వేసవిలో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు ఎంత చచ్చిపోయాయో చూసినవాళ్ళకు ఈ మాట రెండోసారి చెప్పనక్కర్లేదు.

తాడు లోతుకు కనీసం ఐదు రెట్లు వదలాలి. 20 అడుగుల నీటికి 100 అడుగులు. ఎప్పుడూ పడవ ముందు నుంచే కట్టాలి. వెనక కడితే అలలు వెనకవైపు నుంచి ఎక్కి పడవ మునిగిపోతుంది, సరదాకి చెప్పడం లేదు. తాడు బిగిశాక పడవ వెనక భాగం గుట్టకు 40, 50 అడుగుల ఎగువన ఆగాలి. చిటికెడు చమ్ వేసి చూడండి, అది నేరుగా గుట్ట మీదికి పోతుంటే కుదిరినట్టు. పక్కకు పోతుంటే బద్ధకించకుండా లంగరు ఎత్తి మళ్ళీ వేయండి. ఒక్కోసారి నాకు మూడు సార్లు పడుతుంది. మీ మీద విసుక్కునే వాళ్ళే గంట తర్వాత మీ భుజం తడతారు.

ఆటుపోట్లు మారితే ఈ లెక్కంతా తిరగబడుతుంది. గాలి ఒకవైపు, పోటు ఇంకోవైపు లాగుతుంటే పడవ అడ్డంగా ఊగుతుంది. అలాంటప్పుడు చమ్ గీత చూసుకుంటూ ఉండడం తప్ప మార్గం లేదు.

ఇరవై నిమిషాలు గాలం ముట్టుకోకండి

చమ్ సంచీ కట్టాక టిఫిన్ డబ్బా విప్పండి. నేను పులిహోర తీసుకెళ్తాను, చేతికి అంటదు, పాడవదు.

పది నిమిషాలకు సన్నటి బాలీహూ గుంపు నీటి పై పొరలో సూదుల్లా మెరుస్తుంది. ఆ తర్వాత వాటి కింద నీడలు కదులుతాయి. ఇంకాసేపటికి ఆ నీడల్లో పసుపు తోకలు విడివిడిగా కనబడతాయి. ఎల్లోటెయిల్ స్నాపర్లు వచ్చేశాయి. ఇప్పుడు సీసం లేని చిన్న గాలానికి రొయ్య ముక్క గుచ్చి, గాలం పూర్తిగా దాచి, రీలు బెయిల్ (దారాన్ని ఆపే తీగ) తెరిచి వదలండి. దారం లాగకూడదు, బిగపట్టకూడదు. ఎర చమ్ వేగంతోనే పోవాలి. వేలి మీదుగా దారం చుట్టు చుట్టుగా నెమ్మదిగా జారుతూ ఉంటుంది. ఒక్కసారిగా ఆ జారుడు వేగం పుంజుకుంటుంది. అదే కాటు. బెయిల్ మూసి రీలు తిప్పండి. సర్కిల్ హుక్ కాబట్టి కర్రను ఝాడించి లాగొద్దు, మనవాళ్ళు తొంభై శాతం మంది చేసే తప్పు ఇదే. తిప్పుతుంటే గాలం దానంతటదే పెదవి మూలకు పట్టుకుంటుంది.

మ్యాంగ్రోవ్ స్నాపర్‌కు పద్ధతి వేరు. సీసం గుండు గాలానికి ఆనేలా నేరుగా దారంలోకి ఎక్కించి, గుట్ట అంచున అడుగుకు దించండి. కాటు తగిలిన క్షణమే పైకి తెచ్చేయాలి. రెండు సెకన్లు తటపటాయిస్తే రాళ్ళలోకి దూరి దారం కోసేస్తుంది. ముందు పళ్ళు కుక్క పళ్ళలా ఉంటాయి, తువ్వాలుతో పట్టుకుని పట్టకారుతో గాలం తీయండి.

ఒక రాడ్‌కు బాలీహూ ముక్క గుచ్చి, గుట్టకు దూరంగా వెనక ఇసుక మీదికి విసిరి మరచిపోండి. మటన్ స్నాపర్ గుట్ట మీద కన్నా ఆ ఇసుకలోనే తిరుగుతుంది. రోజుకు ఒకటి పడినా నా లెక్కలో అది గెలుపే.

అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా పడేవి గ్రంట్‌లు. చేతిలోకి తీసుకోగానే గొంతులోని పళ్ళు నూరి గురగురమంటాయి. నోరు లోపల మందారం రంగు. చాలామంది తిట్టుకుని విసిరేస్తారు, నేను పెద్దవి ఓ ఆరు ఉంచుకుంటాను. ముళ్ళున్నా వేపుడుకు రుచి.

అరగంట గడిచినా గ్రంట్‌లు తప్ప ఏమీ రాకపోతే లంగరు ఎత్తేయండి. ఇంకో గుట్టకు పోవాలి.

ఏది ఉంచాలి, ఏది వదలాలి

కొలబద్ద పడవలోనే ఉండాలి. మూతి మూసి, తోక చివరలు దగ్గరికి నొక్కి కొలవండి. ఎల్లోటెయిల్ 12 అంగుళాలు, అట్లాంటిక్ వైపు మ్యాంగ్రోవ్ 10, మటన్ 18 ఉండాలి. స్నాపర్లన్నీ కలిపి మనిషికి రోజుకు 10, అందులో మ్యాంగ్రోవ్ 5, మటన్ 5 మించకూడదు. గ్రూపర్లు జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, హాగ్‌ఫిష్ నవంబర్ నుంచి ఏప్రిల్ చివరి దాకా మూసివేత. చలికాలంలో గాలానికి ఇవి పడతాయి, ఫొటో కోసం కూడా ఎక్కువసేపు బయట ఉంచకుండా నీళ్ళలోకే వదలాలి. నిబంధనలు మారుతుంటాయి, బయలుదేరే ముందు రాత్రి ఎఫ్‌డబ్ల్యూసీ సైటు మళ్ళీ చూడండి.

బర్రకూడా పడితే కూరకు ఆశపడొద్దు. పగడపు దిబ్బల దగ్గర పెద్ద బర్రకూడాల్లో సిగ్వటేరా అనే విషం పేరుకుంటుంది, వండినా పోదు. చారల లయన్‌ఫిష్ ముళ్ళను చేత్తో తాకొద్దు.

చేపల్ని పడవలో ముక్కలు కోయడం కూడదు. తలా తోకా ఉన్న చేపగానే ఒడ్డుకు చేర్చాలి. ఐస్ మీద పడేయడం కాకుండా, ఐస్‌లో రెండు చెంబుల సముద్రపు నీళ్ళు పోసి ఆ జావలో ముంచండి. ఎల్లోటెయిల్ కండ చాలా మెత్తన, గంట ఎండలో ఉంటే పిండైపోతుంది.

తిరుగు ప్రయాణం, వంట

మూడున్నరకు లంగరు ఎత్తండి. జనవరిలో ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి నీళ్ళు మెరుస్తాయి, బుట్టల బోయాలు సరిగా కనబడవు. లంగరు లాగేటప్పుడు పడవను తాడు వైపు నెమ్మదిగా నడిపి, తాడు నిటారుగా అయ్యాక పైకి ఎత్తండి. దూరం నుంచి ఈడిస్తే కింద ఉన్నదంతా దున్నేస్తుంది.

మెరీనాలో చేపలు కోసుకునే బల్ల ఉంటుంది. తలలు పెలికాన్లకు వేయకండి. ఒకటి, అది మంచిది కాదు, ముళ్ళు వాటి గొంతులో గుచ్చుకుంటాయి. రెండు, ఆ తలలే కదా పులుసు! మ్యాంగ్రోవ్, మటన్ ముక్కలు చింతపండు పులుసులో విడిపోకుండా నిలుస్తాయి. ఎల్లోటెయిల్‌ను పులుసులో వేస్తే చారైపోతుంది, అందుకని ఆ రాత్రే పసుపు, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించేయండి. గ్రంట్‌లకు బియ్యప్పిండి కొంచెం అద్దితే కరకరలాడతాయి.

వేపుడు వేగుతుండగా ఎవరో ఒకరు వచ్చే శనివారం మళ్ళీ వెళ్దామంటారు. వాళ్ళకు మాట ఇచ్చే ముందు హాక్ ఛానెల్ సూచన తెరవండి. గాలి అప్పటికే నైరుతికి తిరిగి ఉంటే ఆ శనివారం ఇంట్లోనే.